నాలుగు వందల నలభై ఒక్క విస్తళ్లు

28 ఏప్రిల్ 1968, ఆదివారం

సాలూరు బస్సు ఇప్పుడే దిగాను. గొంతు బొంగురుపోయింది. పోనీ. ఇవాళ నేను పలికిన పలుకు సాలూరు సంతలో పదేళ్లు చెప్పుకుంటారు.

లారీల అడ్డా పక్కన వేదిక కట్టారు. "ప్రతి జీవికీ మూలం ఒక్కటే" అని ఎత్తుకున్నాను. జనంలోంచి ఒకడు "రుజువేటి?" అని అరిచాడు. నాకు కావలసిందీ అదే. కథలు పక్కన పెట్టి మా తాతల లెక్క బయటికి తీశాను.

"మా ఊళ్లో కాయైనా ఆకైనా పుంజీల్లో లెక్కపెడతాం. పుంజీ అంటే నాలుగు. దేవుడి పనికైతే పుంజీలు నిండాక పైన ఇంకొకటి వేస్తాం, అది స్వామి వంతు. అయిదు, తొమ్మిది, పదమూడు, పదిహేడు, ఇరవయ్యొకటి. ఇవి మడి సంఖ్యలు. మడి సంఖ్యని మడి సంఖ్యతో హెచ్చవేయండి, మళ్లీ మడి సంఖ్యే వస్తుంది. అదొక కులం, బయటివాటిని రానివ్వదు. ఇక పగలగొట్టండి. రెండు వందల ఇరవై అయిదుని ఒకడు అయిదుతో మొదలుపెడతాడు, ఇంకొకడు తొమ్మిదితో మొదలుపెడతాడు. చివరికి ఇద్దరికీ మిగిలేవి అవే ముక్కలు: అయిదు, అయిదు, తొమ్మిది. మూడు వానాకాలాలు కూర్చుని నాలుగు వందల దాకా నేనే పగలగొట్టి చూశాను. ఒక్కటీ రెండు రకాలుగా పగల్లేదు. మూలం ఒక్కటే!"

అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. ఎర్రగుడ్డ విప్పి నేను పురాణం చెప్పే గ్రంథం పైకెత్తాను. "ఒక్క మడి సంఖ్యని రెండు రకాలుగా పగలగొట్టినవాడు వచ్చి ఈ గ్రంథం నా చేతిలోంచి తీసుకుపోవచ్చు. ఆ రోజు నుంచి ఈ నరసింగరావు వేదిక ఎక్కడు!"

చప్పట్లు.

వెనక లారీల నీడలో ఒక ఆడమనిషి నిలబడి వింది. ఎవరో నాకు తెలియదు. నేను అటు చూడలేదు.

30 ఏప్రిల్

మన భజన మందిరానికి పదమూడేళ్లు నిండుతున్నాయి. మే 26న సంతర్పణ. జాబితా రాశాను: నాలుగు వందల నలభై ఒక్కరు. నూటపది పుంజీల మీద ఒకటి. ఇరవయ్యొక్క వరసలు, వరసకి ఇరవయ్యొక్కరు. ఎటు చూసినా సమానం. చూడముచ్చటగా ఉంటుంది.

అడ్డాకుల విస్తళ్లు కొండ దిగి సాలూరుకే రావాలి. వారంవారం ఆ సంతకి వెళ్లివచ్చే గున్నమ్మకి పురమాయించాను.

పొద్దున్న దానమ్మతో పేచీ. అట్టు ఒకటి తినాలి, లేదా అయిదు తినాలి, మూడో అట్టు దగ్గర ఆగకూడదు అన్నది మా ఇంటి నియమం. "ఒకటి తింటే ఆకలి, అయిదు తింటే కడుపునొప్పి. నీ దేవుడు మూడట్లు ఎరగడేటి మావా?" అంది. భార్య కాబట్టి ఊరుకున్నాను. వేదిక మీద ఎవరైనా అలా అని ఉంటే తెలిసేది.

సాలూరులో ఎవరైనా కనిపించారా అని కూడా అడిగింది. ఎవరున్నారు సాలూరులో? నాకక్కడ ఎవరూ లేరు.

7 మే

విస్తళ్లు వచ్చాయి.

గున్నమ్మ బండి దింపిస్తుంటే కట్టలు లెక్కపెట్టాను. తొమ్మిది. ఒళ్లు మండింది.

"ఇరవయ్యొక్క కట్టలు కదే నేను చెప్పింది! మిగతావి ఏవి?"

"అన్నీ ఉన్నాయి బాబూ. కట్టకి నలబై తొమ్మిది. లెక్కెట్టుకో."

"ఎవరు కట్టమన్నారు ఇలాగ?"

"నానేటి కట్టినాను? సాలూరులో నీ సెల్లి కట్టింది. అదే ఇప్పుడు ఆకులు కుడతన్నాది గదా. అన్నకి సెప్పమంది: ఇరవయ్యొక్క కట్టలైనా అవుతాయి, తొమ్మిది కట్టలైనా అవుతాయి, రెండూ నీ మడి లెక్కే గదా అని సెప్పమంది. ఏటో మరి, నాకు తెలీదు. కూలీ ఇప్పించు బాబూ, ఎండలో సస్తన్నాను."

గున్నమ్మకి మజ్జిగ ఇచ్చి పంపించాను. కూలీ ఇచ్చానో లేదో గుర్తు లేదు.

తొమ్మిది నలభై తొమ్మిదులు నాలుగు వందల నలభై ఒకటి. ఇరవయ్యొక్క ఇరవయ్యొకట్లు నాలుగు వందల నలభై ఒకటి.

8 మే

ఎండ విపరీతంగా ఉంది.

10 మే

పశువుల శాలలో కూర్చుని చింతపిక్కలు పరిచాను. దూడ రెండు తినేసింది. మళ్లీ మొదటినుంచి.

తొమ్మిదిని మడి సంఖ్యల్లోకి పగలగొట్టబోతే పగలదు. ఇరవయ్యొకటి పగలదు. నలభై తొమ్మిదిలో అయిదు పోదు, తొమ్మిది పోదు, పదమూడు పోదు, ఏదీ పోదు. అది పన్నెండు పుంజీల మీద ఒకటి, నూటికి నూరుపాళ్లూ మడి సంఖ్య. అంటే మూడూ పగలనివే. అయినా రెండు తోవలు! ఒక తోవలో తొమ్మిదీ నలభై తొమ్మిదీ, ఇంకో తోవలో ఇరవయ్యొకటీ ఇరవయ్యొకటీ. ఆ ముక్కలూ ఈ ముక్కలూ ఒక్కటి కావు.

విస్తళ్లు మళ్లీ లెక్కపెట్టాను, ఆవిడ తప్పు లెక్కపెట్టి ఉంటుందని. తప్పు లేదు. ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఇదొక్కటే అయి ఉంటుంది. ఏదో ఒక సంఖ్యకి పీడ పట్టవచ్చు.

11 మే

ఒక్కటే కాదు. ఆరు వందల తొంభై మూడు. తొమ్మిది డెబ్బై ఏడులు, ఇరవయ్యొక్క ముప్పై మూళ్లు.

నాలుగు వందల దగ్గర ఎందుకు ఆపాను? ఇంకో నలభై ఒకటి చూసి ఉంటే సరిపోయేది. మూడో వానాకాలం చివర విసుగొచ్చింది. అంతే. విసుగొచ్చి ఆపిన చోటు మీద నిలబడి గ్రంథం పైకెత్తాను.

12 మే, ఆదివారం

పొందూరులో ప్రసంగం ఉంది. గొంతు బాగులేదని కబురు పంపాను. గొంతు బాగానే ఉంది.

15 మే

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

కట్టలు విప్పి ఇరవయ్యొకటి చొప్పున మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. ఆరు కట్టలు అయ్యాయి. దానమ్మ గడపలో నిలబడి చూస్తోంది.

"ఏటి సేస్తన్నావు?"

"ఆకులకి గాలి తగలాలి."

"ఆకులకేనా?" అంది. లోపలికి వెళ్లిపోయింది.

కట్టలు మార్చేస్తే లెక్క మారుతుందా? నలుగురికీ అబద్ధమాడొద్దని ముప్పై ఊళ్లలో చెప్పినవాణ్ని, గదిలో కూర్చుని విస్తళ్లతో అబద్ధమాడిస్తున్నాను. ఛీ.

గ్రంథం తెరిచాను. సముద్ర మథనం వచ్చింది. పంక్తిలో దొంగతనంగా కూర్చున్నవాడి తల తెగే చోట ఆకుపచ్చ దారం ఉంది. ఆ దారం నేను పెట్టిందే, పదకొండేళ్ల కిందట. మూసేశాను.

రెండు మూలాలుంటే ఇన్నాళ్లూ నేను జనానికి చెప్పిందేమిటి? లెక్క పోయినా ఫరవాలేదు. వేదిక పోయినా బతుకుతాను. మూలం ఒక్కటి కాదు అన్న మాటతో ఎలా బతకడం?

17 మే, శుక్రవారం

ఉదయం శ్రీకూర్మం వెళ్లాను. వేంకటాచలం మాస్టారిని చూడాలని. ఆయన తండ్రి తాతలు కోవెల సేవలో ఉన్నారు, ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను బడికి వెళ్లింది అయిదో తరగతి దాకే అయినా నన్ను చులకన చేయని మనిషి ఆయన ఒక్కరే. అరుగు మీద విసనకర్రతో కూర్చుని అంతా విన్నారు. పందెం సంగతి కూడా చెప్పాను. నవ్వారు. నవ్వుతూనే ఉన్నారు.

"మాస్టారూ, నా బతుకు పోతుంటే..."

"నీ బతుకు ఎక్కడికీ పోలేదయ్యా. కూర్చో. నీ తొమ్మిది ఎందుకు పగలదన్నావు?"

"మడి సంఖ్యల్లో దాన్ని పగలగొట్టేది లేదండి."

"మూడు మూళ్లు ఎంత?"

"తొమ్మిదే. కానీ మూడు మడి సంఖ్య కాదు కదండీ. పుంజీ నిండదు."

"అది మూడు చేసిన పాపమా, మీ తాత చేసిన నియమమా? ఏడుని కూడా వెలివేశావా?"

"ఏడు ఒక పుంజీ మీద మూడు. అదీ కాదు."

పలక తెచ్చారు. మూడు, మూడు, ఏడు, ఏడు అని నాలుగు గళ్లలో రాశారు. "ఇదీ నీ నాలుగు వందల నలభై ఒకటి. మూడుని మూడుతో జత చేసి, ఏడుని ఏడుతో జత చేస్తే నీ చెల్లెలి కట్టలు. మూడుని ఏడుతో, మూడుని ఏడుతో జత చేస్తే నీ వరసలు. జతలు రెండు రకాలు. సరుకు ఒక్కటే. ఆ సరుకుని నువ్వు గుమ్మం బయట నిలబెట్టావు. అందుకని లోపలున్నవాళ్లకి మూలం రెండుగా కనిపించింది."

పలక నా చేతిలోకి తీసుకున్నాను.

"మూడు, ఏడు లాంటివాటిని ప్రధాన సంఖ్యలంటాం. వాటిని అన్నిటినీ రానివ్వు, అప్పుడు ఏ సంఖ్యనైనా ఎటునుంచైనా పగలగొట్టు, ఒకే ముక్కలు వస్తాయి. నీ మాట నిజమే నరసింగరావూ. నీ ఊరే చిన్నది."

"నాలుగు వందల దాకా చూసి మోసపోయానండి. కోటి దాకా చూసినా నమ్మను. రుజువుందా?"

"అలా అడుగు! నీ తొమ్మిది, ఇరవయ్యొకటిని ఇరవయ్యొకటితో హెచ్చవేసినదాంట్లో పోతుంది. విడిగా ఇరవయ్యొకటిలో పోతుందా?"

"పోదు."

"అదే దాని దొంగతనం. నిజమైన ప్రధాన సంఖ్య అలా చేయదు. రెండు సంఖ్యల హెచ్చవేతలో అది పోయిందంటే, ఆ రెండిట్లో ఏదో ఒకదాంట్లో పోయి తీరాలి. మూలం ఒక్కటే అన్నది ఆ ఒక్క గుణం మీద నిలబడింది."

ఆ గుణం ఎందుకు ఉంటుందో కూడా చూపించారు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయడం, మిగిలిన శేషంతో చిన్నదాన్ని భాగించడం, మళ్లీ శేషం, మళ్లీ శేషం. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. సగం అర్థమయింది. మిగతా సగం ఆయన మాట మీద నమ్మకుండా ఇంటికి వచ్చి సాయంత్రం వెలుగుండగానే నేనే చేసి చూశాను. నిలబడింది. ప్రతి మెట్టూ నిలబడింది.

పదిరోజులుగా గుండెల మీద కూర్చున్నది లేచి వెళ్లిపోయింది. మూలం ఒక్కటే. ఒక్కటే! శాలలో గట్టిగా అరిచాను. దూడ బెదిరింది.

18 మే

పొద్దున్న గ్రంథం అదే చోట తెరిచాను. ఈసారి ఆకుపచ్చ దారం దాటి వెనక్కి వెళ్లాను. కొండ సముద్రంలో కుంగిపోతోంది. పైన తాడు పట్టి లాగేవాళ్లందరూ కనిపిస్తున్నారు. అడుగున తాబేలై మోస్తున్నవాడు ఎవరికీ కనిపించడం లేదు. కూర్మనాథుడి నీడలో పుట్టి పెరిగి, ఆ కథ వంద సార్లు చెప్పి, ఆ పుట దాటి తల తెగే పుటలో దారం పెట్టాను.

పేరు రాస్తాను. లక్ష్మీనరసమ్మ. నా చెల్లెలు. ఇరవై ఏళ్లకి మొగుడు పోయాడు. మా రైతు ఇళ్లలో మారుమనువు కొత్తేమీ కాదు. మా మేనత్త చేసుకుంది, ఎవరూ ఏమీ అనలేదు. నేను అప్పుడే గ్రంథం పట్టాను, వేడి మీదున్నాను. లారీ నడిపే గంగులుని చేసుకుంటానని నరసమ్మ చెప్పినప్పుడు, అది పెళ్లి కాదన్నాను. మందిరంలో అందరి ముందు ఆ తల తెగిన కథ చెప్పి, "పంక్తిలో దానికి చోటు లేదు" అన్నాను. అది విస్తరి ముందునుంచి లేచి వెళ్లిపోయింది. అన్నం వడ్డించి ఉంది.

పదకొండేళ్లు. పదకొండు మడి సంఖ్య కాదు.

20 మే, సోమవారం

సాలూరు వెళ్లి వచ్చాను.

లారీ కిందనుంచి రెండు కాళ్లు కనిపించాయి. ఆ కాళ్లే పలికాయి: "ఎవుడది?"

"నేను. నరసింగరావుని."

గంగులు బయటికి దొర్లి వచ్చాడు, మొహం నిండా మసి. "పదకొండేళ్లకి దారి తప్పినావేటి బావా?" అన్నాడు. చెయ్యి చాచి, మసి చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు. నేనే పట్టుకున్నాను.

నరసమ్మ అరుగు మీద ఆకులు కుడుతోంది. తల ఎత్తలేదు. ఈనెపుల్ల గుచ్చడం, విరవడం, గుచ్చడం. జుట్టు కొంచెం నెరిసింది. ముప్పయి రెండేళ్లకే.

"ఎలా పట్టావే?" అన్నాను.

"నాలుగు వందల దాకా సూసినానని నువ్వే సెప్పినావు. నాలుగు వందల ఒకటి కాణ్ణించి నాను సూసినాను. ఆకులు కుడతా సూసినాను. ఎంతో దూరం పోలేదన్నా."

చిన్నప్పుడు చింతపిక్కలాటలో కూడా అంతే. నేను ఆపేసిన చోటునుంచి అది లెక్కపెట్టేది.

"నా పొగరు దించుదామనే పంపినావా?"

అప్పుడు తల ఎత్తింది. "నాను సెప్పకపోతే ఇంకెవుడో సెప్తాడు. నలుగురిలో సెప్తాడు, నీ సేతిలో పుస్తకం లాక్కుంటాడు. అది నాను సూడగల్నా? గున్నమ్మకి లెక్కలు రావు గాబట్టి దాని సేత పంపినాను."

నేను గొంతు ఎత్తితే మూడు వీధులకి వినిపిస్తుంది. అక్కడ నా గొంతు నాకే వినిపించలేదు. "తప్పు సేసినాను నరసా" అన్నాను. వేదిక భాష నోటికి రాలేదు.

అది పుల్ల విరిచింది. గుచ్చింది. "కూకో. అట్టు తింటావా?"

"తింటాను."

"ఎన్ని? ఒకటా, అయిదా?"

ఇంటి సంగతులన్నీ గున్నమ్మ మోస్తోందన్నమాట. "మూడు" అన్నాను. గంగులు పగలబడి నవ్వాడు. అది నవ్వలేదు గానీ, పెనం మీదికి వంగినప్పుడు పమిటతో కళ్లు తుడుచుకుంది. పొగ అయి ఉంటుంది.

సంతర్పణకి పిలిచాను. "ఏ వరసలో కూకోబెడతావు?" అని అడిగింది.

"నా పక్కన."

వస్తాననలేదు. రాననలేదు.

23 మే

నేను విప్పేసిన మూడు కట్టలు ఏవీ అని దానమ్మ నన్ను ఆటపట్టిస్తోంది. విప్పిన ఆకులన్నీ మళ్లీ నలభై తొమ్మిది చొప్పున కట్టాను. నరసమ్మ కట్టినట్టు బిగుతుగా రాలేదు.

26 మే, ఆదివారం

వచ్చారు. మొదటి బస్సుకే వచ్చారు. నరసమ్మ చంకలో రెండు విస్తళ్లు.

"పిలిసినావు గానీ, నీ కాడున్నవి నాలుగు వందల నలబై ఒకటే గదన్నా. మా ఆకులు మేం తెచ్చుకున్నాం."

భోజనాలకి ముందు వేదిక ఎక్కాను. జాబితాలో రాసిన సాలూరువాళ్లు కూడా వచ్చారు, ఆ రోజు "రుజువేటి" అని అరిచినవాడు ముందు వరసలోనే ఉన్నాడు. ఉపోద్ఘాతం లేకుండా చెప్పేశాను. నా లెక్క తప్పిందన్నాను. తొమ్మిది కట్టలు, ఇరవయ్యొక్క వరసలు, రెండూ చూపించాను. మూడునీ ఏడునీ బయట నిలబెట్టింది నేనన్నాను. మూలం ఒక్కటే, అందరినీ లోపలికి రానిస్తేనే అది కనపడుతుంది అన్నాను. తర్వాత పదకొండేళ్ల కిందట ఇదే మందిరంలో నేను అన్న మాట మళ్లీ పలికి, అది తప్పన్నాను. నా గొంతు బొంగురుపోలేదు.

ఆ ముందు వరసవాడే, "బాబూ, మరి పుస్తకం?" అన్నాడు. మెల్లిగా అన్నాడు, తప్పక అడుగుతున్నట్టు.

"పగలగొట్టిన మనిషి వచ్చింది. నరసమ్మా, రా."

అది చేతులు పమిటకి తుడుచుకుని మెట్లెక్కింది. ఎర్రగుడ్డ మూట రెండు చేతులతో అందుకుంది. నేను వదిలాను. వదలగలననుకోలేదు. జనంలో ఎవరో ఏడ్చారు, దానమ్మే అనుకుంటాను.

నరసమ్మ జనం వైపు తిరగలేదు. నాతోనే అంది, అయినా అందరికీ వినిపించింది.

"సదువు నాకు రాదు. ఇది నా కాడుంటాది. సదవాలంటే నువ్వే మా ఇంటికొచ్చి సదవాల. మళ్లీ యేదిక ఎక్కనన్నావు గదా, ఎక్కకు. మా ఇంట్లో యేదిక లేదు. అరుగున్నాది."

దిగి వచ్చాక అసలు చిక్కు. వరసలు ఇరవయ్యొకటీ వేశారు. ఇద్దరు మిగిలారు. తొమ్మిది వరసలు వేసినా ఇద్దరే మిగులుతారు. వడ్డించేవాళ్లు, "బాబూ, ఆ ఇద్దరికీ ఆ పక్కని వెయ్యమా?" అన్నారు. పక్కన అంటే మందిరం నీడ బయట.

విసురుగా "వద్దు!" అన్నాను. ఇది మాత్రం మూడు వీధులకి వినిపించింది.

చీపురుపుల్ల తీసుకుని నేల మీద చేశాను. నాలుగు వందల నలభై మూడు. రెండు పోదు. మూడు పోదు. అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, పందొమ్మిది. ఏదీ పోలేదు. ఇరవై రెండు ఇరవై రెళ్లు దాన్ని దాటిపోతాయి కాబట్టి ఇరవయ్యొకటి దాటి వెతకనక్కర్లేదని మాస్టారు నేర్పారు. ఆ సంఖ్య ఏ సమాన వరసలకీ లొంగదు, ఒక్క వరసకి తప్ప.

"విస్తళ్లన్నీ ఎత్తండి. మందిరం చుట్టూ ఒకటే వరస."

గొడవ పడుతూ, నవ్వుకుంటూ, పిల్లల్ని జరుపుకుంటూ కూర్చున్నారు. వరస ధ్వజస్తంభం దగ్గర వంకర తిరిగింది, నూతి దగ్గర ఇంకో వంకర తిరిగి, చివర మొదటి విస్తరికి తగలబోయి ఆగింది. చూడముచ్చటగా లేదు. నరసమ్మ నా పక్కన కూర్చుంది. దాని విస్తట్లో అన్నం నేనే వడ్డించాను. అది లేవలేదు.

27 మే

భుజాన సంచీ ఖాళీగా ఉంది. చెయ్యి రెండు సార్లు దానిలోకి వెళ్లి వచ్చింది.

దానమ్మ మూడు అట్లు తింది.

సాలూరుకి మొదటి బస్సు ఆరున్నరకి.